ఇమిగ్రేషన్ ఆఫీసర్‌నంటూ ఫోన్లు, తలుపు దగ్గరికి నకిలీ మనుషులు: చట్టం మనల్ని ఎంతవరకు ఆదుకుంటుంది?

సూర్యాపేట_శ్రీను

అందరికీ నమస్కారం. మా పిన్ని కొడుకు డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. మొన్న మధ్యాహ్నం వాడికి ఒక ఫోనొచ్చింది. స్క్రీన్ మీద యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కాల్ సెంటర్ నంబరే కనిపించింది. వాడు అప్పటికప్పుడు నెట్‌లో వెతికి చూసుకున్నాడు కూడా, అదే నంబర్. అవతలి మనిషి అరవలేదు, చాలా మర్యాదగా మాట్లాడాడట. పేరు చెప్పాడు, బ్యాడ్జి నంబర్ చెప్పి రాసుకోమన్నాడు. వీడి యూనివర్సిటీ ఏదో, ఏ నెలలో అమెరికాలో దిగాడో, ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటున్నాడో అన్నీ చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతి ఎత్తాడు. ఇల్లు మారినప్పుడు అడ్రస్ అప్‌డేట్ చేయలేదు, నీ సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డు) రద్దయింది, నీ మీద వారెంటు ఉంది, గంటలో పోలీసులు వస్తారు. ఫోన్ పెట్టేసినా, రూమ్మేట్లకు చెప్పినా పారిపోతున్నట్టే లెక్క కడతాం అన్నాడు.

బాండ్ కట్టాలి, గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు చదువు అన్నాడు. వీడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకునే షాపుకెళ్లి రెండు కార్డులు కొని, వెనక గీకి, నంబర్లు చదివేశాడు. మళ్లీ లోపలికెళ్లి ఇంకో నాలుగు తెచ్చి కౌంటర్ మీద పెడితే, అక్కడున్న పెద్దావిడ వాటిని స్కాన్ చేయకుండా చేత్తో పట్టుకుని "ఎవరైనా ఫోన్లో కొనమన్నారా బాబూ?" అని అడిగింది. అంతే, వీడు అక్కడే నిలబడి ఏడ్చేశాడు. ఆవిడే ఫోన్ కట్ చేయించింది.

వెయ్యి డాలర్లు పోయాయి. డబ్బు కంటే పెద్ద బాధ ఏంటంటే, కంప్లైంట్ ఇద్దాం రా అంటే వాడు ససేమిరా అంటున్నాడు. పేరు రికార్డుల్లోకి ఎక్కుతుందట, రేపు ఓపీటీకి (చదువుతో ముడిపడిన పని అనుమతి), హెచ్1బీ ఉద్యోగ వీసాకి అడ్డం వస్తుందట. రెండు విషయాలు తెలిసినవాళ్లు చెప్పండి. ఇమిగ్రేషన్ ఆఫీసర్‌నని అబద్ధం చెప్పడమే నేరమని విడిగా చట్టం ఉందా? కంప్లైంట్ ఇస్తే నిజంగా వీసాకు ఇబ్బందా?

భార్గవి_జెర్సీ

శ్రీను గారూ, ముందు చేయాల్సిన పని చెప్తాను, చట్టం తర్వాత. కార్డులు, బిల్లు పారేయకండి. ఆ కార్డు కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేసి మోసంలో పోయాయని చెప్పండి. అందులో డబ్బు ఇంకా వాడకుండా ఉంటే ఆపే వీలుంటుంది. ఒక్కోసారి గంటల తేడాలో దక్కుతుంది, ఒక్కోసారి దక్కదు.

నేను ఇమిగ్రేషన్ లాయర్ల ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు సహాయకురాలిగా పనిచేస్తున్నాను. లాయర్‌ని కాను, ఇక్కడ రాసేది సలహాగా కాక సమాచారంగా తీసుకోండి.

విడిగా చట్టం ఉంది. ఫెడరల్ చట్టాల 18వ టైటిల్‌లో 912వ సెక్షన్. అమెరికా ప్రభుత్వ అధికారినని అబద్ధం చెప్పుకుని ఆ హోదాలో ఏదైనా పని చేసినా, ఆ వేషంలో డబ్బు గానీ, కాగితాలు గానీ, విలువైన మరేదైనా గానీ అడిగినా, తీసుకున్నా నేరమే. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. "అడిగినా" అన్న మాట గమనించండి. మీ తమ్ముడు ఒక్క డాలర్ ఇవ్వకపోయినా నేరం జరిగినట్టే. దాని పక్కనే 913 ఉంది. అలా వేషం కట్టి ఎవరినైనా అరెస్టు చేసినా, నిర్బంధించినా, ఒంటిని, ఇంటిని సోదా చేసినా మళ్లీ మూడేళ్లు. డబ్బు ఫోన్ మీద గుంజితే వైర్ ఫ్రాడ్ కూడా తగులుతుంది, దానికి 20 ఏళ్ల దాకా ఉంది. నంబర్ మార్చి చూపించి మోసం చేయడాన్ని నిషేధించే కాలర్ ఐడీ చట్టం వేరే ఉంది.

1943లో సుప్రీంకోర్టు లెపోవిచ్ కేసులో ఒక మాట తేల్చింది. అందులో నిందితులు ఎఫ్‌బీఐ ఏజెంట్లమని చెప్పి ఒక మనిషి ఆచూకీ రాబట్టబోయారు, డబ్బు ప్రసక్తే లేదు. మామూలుగా అయితే చేయని పనిని ఆ అబద్ధంతో చేయించబోవడమే మోసం కిందికి వస్తుందని కోర్టు అన్నది. 1948లో చట్టాన్ని తిరగరాసినప్పుడు మోసం చేసే ఉద్దేశం అన్న షరతునే ఆ సెక్షన్‌లోంచి తీసేశారు. అంటే చట్టంలో బలం తక్కువేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న. మోసపోవడం వల్ల ఎవరి వీసా రద్దు కాదు. చట్టంలో అలాంటి కారణమే లేదు. ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఫ్రాడ్ రిపోర్ట్ సైటులో, ఎఫ్‌బీఐ వాళ్ల సైబర్ నేరాల సైటు ఐసీ3లో ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఇవ్వొచ్చు. యూనివర్సిటీలో డీఎస్‌వోకి (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు చూసే ఉద్యోగి) కూడా చెప్పించండి, దాని వల్ల అసలు సెవిస్ రికార్డు ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది.

కాకినాడ_కిరణ్

చట్టం పుస్తకంలో బాగానే ఉంటుంది అక్కా. పట్టుకునేదెవరు? ఆ ఫోన్లు చేసేది మన దేశంలోనే ఏదో ఊళ్లో కూర్చుని. నంబర్ దొంగది, పేరు దొంగది, గిఫ్ట్ కార్డు నిమిషాల్లో ఖాళీ. కంప్లైంట్ ఇవ్వడం వల్ల పోయిన డబ్బు తిరిగొచ్చిన ఒక్క మనిషిని నేను చూడలేదు. పిల్లవాడు ఇప్పటికే భయపడి ఉన్నాడు, వాణ్ని ఇంకా లాగడం ఎందుకు?

ఇర్వింగ్_ప్రసాద్

కిరణ్ గారూ, ఈ మాట మీతో ఒప్పుకోలేను. 2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన కేసు చూడండి. అహ్మదాబాద్ కాల్ సెంటర్ల నుంచి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్లమని, యూఎస్‌సీఐఎస్ వాళ్లమని ఫోన్లు చేసి, కట్టకపోతే అరెస్టు చేస్తాం, దేశం నుంచి పంపేస్తాం అని బెదిరించి వందల మిలియన్ల డాలర్లు దండుకున్న ముఠా. 56 మంది మీద, ఐదు కాల్ సెంటర్ల మీద అభియోగాలు మోపారు. ఆ అభియోగాల్లో అమెరికా అధికారిగా నటించడం కూడా ఉంది. 2018లో ఇరవై మందికి పైగా శిక్షలు పడ్డాయి, కొందరికి 20 ఏళ్ల దాకా. ఆ కాల్ సెంటర్లు నడిపినవాళ్లలో ఒకణ్ని సింగపూర్‌లో పట్టుకుని 2019లో అమెరికాకు తెచ్చారు. 2020లో అతనికీ 20 ఏళ్లు పడింది.

ఆ కేసు ఎలా నిలబడింది? దేశం నలుమూలలా మోసపోయినవాళ్లు ఏ కార్డు ఎక్కడ కొన్నారో, ఎన్నింటికి ఫోనొచ్చిందో చెప్పబట్టే కదా. ఒక్కో బాధితుడు పోగొట్టుకున్నది చిన్న మొత్తమే కావచ్చు. అవన్నీ ఒకచోట చేరితేనే పెద్ద కేసు అవుతుంది. మనవాళ్లు వీసా భయంతో నోరు మూసుకుంటారని ఆ దొంగలకు బాగా తెలుసు. అందుకే విద్యార్థుల్నే ఎంచుకుంటున్నారు.

వంశీ_ఫిలడెల్ఫియా

ఫోన్లో అయితే పెట్టేసి బతకొచ్చు. మనిషే వచ్చి తలుపు కొడితే? నాకు ఇప్పుడు అదే టెన్షన్. 2025 ఫిబ్రవరిలో మా ఊళ్లో టెంపుల్ యూనివర్సిటీ హాస్టల్ దగ్గరికి "పోలీస్", "ఐస్" (ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే ఫెడరల్ సంస్థ) అని రాసిన చొక్కాలు వేసుకుని కొందరు వచ్చారు. లోపలికి రానివ్వకపోతే దగ్గర్లోని ఒక షాపుకెళ్లి అక్కడా గొడవ చేశారు. తీరా పట్టుకుంటే అదే యూనివర్సిటీ విద్యార్థి! అదే ఏడాది జూన్‌లో ఇక్కడే ఇంకొకడు ఇమిగ్రేషన్ అధికారిలా వేషం వేసుకుని ఒక మెకానిక్ షాపులో దూరి, అక్కడ పనిచేసే ఆవిడ చేతులు ప్లాస్టిక్ తాళ్లతో కట్టేసి డబ్బు ఎత్తుకుపోయాడు. నార్త్ కరోలైనాలో ఐస్ ఆఫీసర్‌నని చెప్పి ఒక ఆడమనిషిని మోటెల్ గదిలో బెదిరించి అత్యాచారం చేశాడని ఒకడి మీద కేసు పెట్టారు. దేశం నుంచి పంపించేస్తానన్నదే వాడి ఆయుధం.

ఇప్పుడు అసలు అధికారులే ముఖానికి గుడ్డ కట్టుకుని, మామూలు కారులో, "పోలీస్" అని మాత్రమే రాసున్న జాకెట్‌తో వస్తున్నారు. ఆ జాకెట్ ఆన్‌లైన్‌లో ఎవడైనా కొనుక్కోవచ్చు. ఎవరు అసలో ఎవరు నకిలీనో మా అమ్మలాంటి వాళ్లు తలుపు సందులోంచి చూసి ఎలా తేల్చుకోవాలి? ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చింది, ఇంగ్లిష్ రాదు. నేను ఆఫీసుకెళ్తే రోజంతా ఒక్కతే ఉంటుంది.

భార్గవి_జెర్సీ

వంశీ గారూ, ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న.

ముందు రూల్ చెప్తాను. అరెస్టు చేసేటప్పుడు, వీలైనంత త్వరగా, ప్రమాదం లేని పరిస్థితిలో, తాను ఇమిగ్రేషన్ అధికారినని, అరెస్టు చేస్తున్నానని, కారణం ఇదని చెప్పాలని ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. కానీ "వీలైనంత" అన్న మాటలోనే బోలెడంత సందు ఉంది. ముఖం చూపాలని, పేరు చెప్పాలని అందులో లేదు.

లాస్ ఏంజిలిస్‌లో ఐస్ అధికారులు స్థానిక పోలీసులమని, కేసు దర్యాప్తు చేస్తున్నామని చెప్పి తలుపులు తీయించేవారు. దాని మీద 2020లో కేసు పడి చివరికి రాజీ కుదిరింది. ఆ ప్రాంతంలో ఇకపై అలా అబద్ధం చెప్పకూడదు. అంటే దొంగ అధికారిలా నటిస్తే 912 ఉంది. అధికారే మరో అధికారిలా నటిస్తే ఇన్నేళ్లు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

కాలిఫోర్నియా 2025 సెప్టెంబరులో రెండు చట్టాలు చేసింది. ఒకటి అధికారులు ముఖం కప్పుకోకూడదని. రెండోది ఏ ఏజెన్సీయో, పేరో బ్యాడ్జి నంబరో కనిపించేలా ఉండాలని. ఫెడరల్ అధికారుల మీద రాష్ట్రం పెత్తనం ఏంటని ఆ నవంబరులో కేంద్రం కోర్టుకెళ్లింది. రాష్ట్రాల్లో నకిలీ వేషానికి విడిగా శిక్షలు కూడా ఉన్నాయి. టెక్సాస్‌లో ప్రభుత్వ ఉద్యోగినని నటిస్తే థర్డ్ డిగ్రీ ఫెలొనీ అనే పెద్ద నేరం, రెండు నుంచి పదేళ్లు. అదే మీ పెన్సిల్వేనియాలో చిన్న నేరం కిందే లెక్క. ఒకే పనికి ఇంత తేడా ఉండటం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మీ అమ్మగారికి ఇలా చెప్పండి. తలుపు తీయొద్దు. అది నేరం కాదు. మీకు వీడియో కాల్ చేసి ఫోన్ తలుపు దగ్గర పెట్టమనండి. కాగితం ఉంటే తలుపు కింద నుంచి తోయమని మీరే వాళ్లకు చెప్పండి. అందులో కోర్టు పేరు, జడ్జి సంతకం ఉన్నాయా చూడండి. అనుమానం వస్తే 911కి ఫోన్ చేసి, ఫలానా అడ్రస్‌లో అధికారులమంటూ కొందరు వచ్చారు, నిజమో కాదో చూడండి అని అడగొచ్చు. నిజం అధికారి అయినా అందులో కోప్పడాల్సిందేమీ లేదు.

కాకినాడ_కిరణ్

మాస్కుల విషయంలో ఇంకో వైపు కూడా చూడాలి. అధికారుల ఫొటోలు, ఇంటి అడ్రస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టి వాళ్ల పిల్లల్ని కూడా బెదిరిస్తున్నారంటున్నారు. వాళ్లకూ కుటుంబాలుంటాయి కదా.

వంశీ_ఫిలడెల్ఫియా

ఆ భయం నిజమే అన్నా, కాదనను. కానీ ముఖం కప్పుకున్నా ఛాతీ మీద ఏజెన్సీ పేరు, పెద్ద అక్షరాల్లో ఒక నంబర్ ఉంటే సరిపోతుంది కదా. ఆ నంబర్‌తో వాళ్ల ఇల్లు ఎవరికీ దొరకదు. మనకు మాత్రం ఫోన్ చేసి నిజమా అని అడిగే వీలుంటుంది. ఐస్ పేరుతో దొంగలు తిరుగుతున్నారు, మీ గుర్తింపు స్పష్టంగా చూపించండి అని 2025లో ఎఫ్‌బీఐ కూడా పోలీసు విభాగాలకు హెచ్చరిక పంపింది. 2025 జూన్‌లో మిన్నెసోటాలో పోలీసు వేషంలో వచ్చినవాడు శాసనసభ్యురాలు మెలిస్సా హార్ట్‌మన్‌ని, ఆమె భర్తని ఇంట్లోనే కాల్చి చంపాడు. అంత పెద్ద పదవిలో ఉన్నవాళ్లే నకిలీని గుర్తుపట్టలేకపోతే మనమెంత?

మాధవి_డెట్రాయిట్

ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, నేను మిషిగన్‌లో ఉండి దాన్ని మర్చిపోలేను. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. 2019 జనవరి చివర్లో వార్త బయటికి వచ్చిన రోజు ఇక్కడి తెలుగు ఇళ్లలో నిద్ర లేదు. వీసా మోసాలు పట్టుకోవడానికి ఆ ఉత్తుత్తి యూనివర్సిటీని నడిపింది ప్రభుత్వ హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆఫీసు, వెబ్‌సైటు, ముద్ర, ప్రభుత్వ జాబితాలో పేరు అన్నీ ఉన్నాయి. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. దాదాపు ఆరు వందల మంది చేరారు, వాళ్లలో చాలామంది మన పిల్లలే. విద్యార్థుల్ని చేర్పించారని ఎనిమిది మంది మీద కేసు పెట్టారు, వాళ్లంతా మనవాళ్లే. ఆ తొలి రోజుల్లో 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. మన రాయబార కార్యాలయం రాత్రింబవళ్లు హెల్ప్‌లైన్ నడిపింది.

పిల్లలకు తెలుసు, క్లాసులు లేవని తెలిసే చేరారు అంటుంది ప్రభుత్వం. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. కానీ ప్రభుత్వ జాబితా చూసి నమ్మి ఫీజు కట్టినవాళ్లూ ఉన్నారు. ఆ ఫీజు ప్రభుత్వమే తీసుకుంది, చదువు చెప్పలేదు. ఒక విద్యార్థి వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ కేసు నడవాల్సిందే అని వెనక్కి పంపింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, శ్రీను గారి తమ్ముడు కంప్లైంట్ ఇవ్వనంటున్నాడంటే అది పిరికితనం కాదు. ఆ వయసు పిల్లలు ఈ కథ వింటూ పెరిగారు. "అసలైన జాబితా చూసుకో" అని మనం సలహా ఇస్తాం, ఆ జాబితాలోనే నకిలీ ఉండింది. నేరస్థుణ్ని పట్టుకోవడానికి ప్రభుత్వం వేషం కడితే 912 దానికి వర్తించదు, అది నాకూ తెలుసు. కానీ అలా పోయిన నమ్మకం వల్ల ఇప్పుడు లాభపడుతున్నది ఫోన్ దొంగలే.

ఇర్వింగ్_ప్రసాద్

మాధవి గారూ, మీ బాధ అర్థమైంది. ఒక్క మాట మాత్రం కలపాలి, ఎందుకంటే అందరూ భయంతో నిజమైన అధికారుల మీద కూడా తలుపు మూసేస్తే హెచ్1బీ వాళ్లకు నష్టమే. యూఎస్‌సీఐఎస్‌లో ఫ్రాడ్ డిటెక్షన్ విభాగం వాళ్లు ముందు చెప్పకుండా ఆఫీసులకు వస్తారు. మా ఆఫీసుకు వచ్చారు. ఇద్దరు. రిసెప్షన్‌లో ఐడీ కార్డులు తీసి చూపించి, రిసెప్షనిస్టు ఆ నంబర్లు రాసుకునేదాకా నిలబడ్డారు. నన్ను కూర్చోబెట్టి ఏం పని చేస్తావు, మేనేజర్ ఎవరు, జీతం ఎంత, ఏ లొకేషన్ అని అడిగారు, పే స్లిప్పులు చూశారు, నా సీటు చూస్తామన్నారు. అంతే. డబ్బు మాట లేదు, "ఎవరికీ చెప్పకు" అన్న మాట లేదు, హెచ్‌ఆర్ ఆవిడ పక్కనే ఉంది. స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్లకు ఓపీటీ పొడిగింపు) విజిట్ అయితే, ఫిర్యాదు ఏదీ లేనప్పుడు యజమానికి 48 గంటల ముందు నోటీసు ఇవ్వాలని రూల్.

శ్రీను గారి తమ్ముణ్ని అడిగిన "బాండ్" సంగతి కూడా. నిజమైన ఇమిగ్రేషన్ బాండ్ అంటే అప్పటికే నిర్బంధంలో ఉన్న మనిషిని విడిపించడానికి కట్టేది. బయట తిరుగుతున్నవాడు తన కోసం తాను గిఫ్ట్ కార్డులతో కట్టేది కాదు.

రిటైర్డ్_ఎస్సై_గుంటూరు

బాబులూ, తల్లులూ, మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు, ఆ లింకుతో ఇక్కడికి వచ్చాను. ఇదే మోసం ఇండియాలో తిరగబడి వస్తోంది. మీ అబ్బాయిని అమెరికాలో ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకున్నారు, విడిపించాలంటే డబ్బు పంపండి అని తల్లిదండ్రులకు వాట్సాప్ కాల్. వెనకాల ఏడుపు వినిపిస్తుంది. అప్పుడు ఇక్కడ మధ్యాహ్నమైతే అక్కడ అర్ధరాత్రి. పిల్లలు నిద్రలో ఫోన్ ఎత్తరు. ఆ రెండు మూడు గంటల్లో నగలు తాకట్టు పెట్టి పంపినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పినా ఇంకా జనం మోసపోతూనే ఉన్నారు.

మన చట్టం సంగతి. పాత ఐపీసీ 170 కింద ప్రభుత్వ ఉద్యోగినని నటిస్తే రెండేళ్ల వరకు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 204వ సెక్షన్. ఇప్పుడు కనీసం ఆరు నెలలు, మూడేళ్ల వరకు. అయితే ఒక మెలిక ఉంది. ఆ చట్టంలో ప్రభుత్వ ఉద్యోగి అంటే మన ప్రభుత్వ ఉద్యోగి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసర్‌నంటే 204 నిలబడదు. అక్కడ 319, అంటే మరొకరిలా నటించి మోసం చేయడం, ఐదేళ్ల వరకు. ఐటీ చట్టంలో 66డీ, మూడేళ్ల వరకు, లక్ష దాకా జరిమానా. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సెక్షన్ల పేర్లు రాయండి, స్టేషన్‌లో పని తేలికవుతుంది. డబ్బు పంపిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకులో ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగితే దక్కుతుంది.

ఇంకో పని చేసుకోండి. రాత్రి పిల్లలు ఎత్తకపోతే ఎవరికి చేయాలో, రూమ్మేట్‌దో, పక్కింటివాళ్లదో ఒక నంబర్ అమ్మానాన్నల దగ్గర కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

సూర్యాపేట_శ్రీను

అందరికీ చేతులెత్తి దండం. నిన్న వాణ్ని కూర్చోబెట్టి ఈ పోస్టులన్నీ చదివించాను. అహ్మదాబాద్ కేసు రెండుసార్లు చదివాడు. పొద్దున డీఎస్‌వో దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అడ్రస్ మారిన పది రోజుల్లో చెప్పాలన్న రూల్ ప్రకారం వాడు అప్పుడే అప్‌డేట్ చేశాడు, రికార్డు సరిగ్గానే ఉంది. ఆవిడ స్క్రీన్ మా వైపు తిప్పి "యాక్టివ్" అన్న చోట వేలు పెట్టి చూపించింది. అప్పటిదాకా వాడు కుర్చీ అంచునే కూర్చున్నాడు. ఇదే నెలలో తన దగ్గరికి ఇలాంటివే ఇంకా వచ్చాయని, ఎవరూ రిపోర్ట్ చేయనంటున్నారని చెప్పింది.

ఎఫ్‌టీసీలో, ఐసీ3లో ఇచ్చాం. లోకల్ పోలీసులకూ ఇచ్చాం. వీసా గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కార్డుల్లో ఒకటి అప్పటికే ఖాళీ. రెండోది కంపెనీ వాళ్లు ఆపారు, తిరిగిస్తారో లేదో విచారణ అయ్యాక చెప్తామన్నారు. భార్గవి గారూ, ఒక డౌట్. నేరాల బాధితులకు యూ వీసా అని ఒకటి ఇస్తారని ఎవరో అంటున్నారు, వీడికి వస్తుందా?

భార్గవి_జెర్సీ

సంతోషం శ్రీను గారూ. యూ వీసాకు నేరాల జాబితా ఉంది. బెదిరించి డబ్బు గుంజడం, కిడ్నాప్, అక్రమ నిర్బంధం, అత్యాచారం లాంటివి అందులో ఉన్నాయి. ఉత్త మోసం లేదు. బెదిరింపు ఉంది కాబట్టి అర్హత ఉందని వాదించవచ్చేమో గానీ, గట్టి హాని జరిగిందని చూపాలి, పోలీసుల ధ్రువీకరణ కావాలి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ ఏళ్ల తరబడి ఉంది. చక్కగా ఎఫ్1 విద్యార్థి వీసాలో ఉన్న పిల్లవాడు దాని కోసం వెళ్లాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు. స్టేటస్ పోయి, నకిలీ అధికారి చేతిలో నిజంగా హింస పడ్డవాళ్లకు మాత్రం అదే పెద్ద దారి. అలాంటివారు ఎవరైనా ఇది చదువుతుంటే లాయర్‌తో మాట్లాడాకే అడుగు వేయండి. నోటరీలమని, కన్సల్టెంట్లమని చెప్పుకునేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

కొత్త_సభ్యురాలు_తణుకు

అర్జెంటండీ. మా అక్క కొడుకు చికాగోలో ఉన్నాడు. పావుగంట క్రితం మా అక్కకు వాట్సాప్ కాల్ వచ్చింది, వాణ్ని ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకున్నారట. వాడు ఫోన్ ఎత్తడం లేదు. అక్క రెండు లక్షలు పంపేసింది, ఇంకో మూడు పంపమంటున్నారు. బ్యాంకుకి బయలుదేరింది.

రిటైర్డ్_ఎస్సై_గుంటూరు

అమ్మా, అక్కను బ్యాంకు బయటే ఆపు. ఆ ఫోన్ కట్ చేయించి ఇప్పుడే 1930కి చెయ్యి. ట్రాన్సాక్షన్ నంబర్, ఏ ఖాతాకు పంపిందో, ఎన్నింటికి పంపిందో దగ్గర పెట్టుకో. వాడి రూమ్మేట్ నంబర్ ఉంటే నువ్వు అటు ప్రయత్నించు.

ఇర్వింగ్_ప్రసాద్

చికాగోలో వాడు ఉండే ఏరియా, యూనివర్సిటీ పేరు నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. అక్కడ మా స్నేహితులున్నారు, వెళ్లి తలుపు కొట్టిస్తాను.